నా కథ నా గొంతుతో చదివితే నవ్వుతారా? పెరంబూర్ నుంచి వచ్చిన ప్రశ్నకి ఒక సౌండ్ ఇంజనీరు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినావిడ పుట్టి పెరిగింది చెన్నైలోనే, ఇప్పుడు పెరంబూర్‌లో ఉంటారు. పన్నెండు కథలు, ముప్ఫై దాకా కవితలు పత్రికల్లో వచ్చాయి. వాటిని ఆడియోగా పెట్టాలని ఉంది. ఏ మైకు కొనాలి, వెనక సంగీతం వెయ్యాలా, గొంతు బాగున్న వాళ్ళెవరితోనైనా చదివించాలా, తనే చదివితే అరవ యాస అని ఆంధ్రా వాళ్ళు నవ్వుతారా అని అడిగారు.

అమ్మా, మీరు నాలుగోదిగా అడిగిందే నాకు మొదటి ప్రశ్నలా కనబడింది. మైకు ప్రశ్న అడిగిన వాళ్ళలో సగం మందికి అసలు బెంగ గొంతు మీదే ఉంటుంది. సాలిగ్రామం, జాఫర్‌ఖాన్‌పేట డబ్బింగ్ థియేటర్లలో ఇరవై ఆరేళ్ళు గాజుకి ఇవతల కన్సోల్ ముందు కూర్చున్నవాణ్ణి. సీరియళ్ళు, ప్రకటనలు, డబ్బింగ్ సినిమాలు అన్నీ చేశాను. ఆ పని తగ్గాక పదేళ్ళ పైనుంచి తెలుగు రచయితలని వాళ్ళ గొంతుతోనే రికార్డు చేస్తున్నాను, ఎక్కువగా స్నేహం కొద్దీ. కాబట్టి యాసతోనే మొదలుపెడతాను.

నవ్వేవాళ్ళు ఉంటారు. ఉండరని అబద్ధం చెప్పను. కానీ మీ కథ ఎవరు వింటారో ఒకసారి లెక్క వేసుకోండి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ వచ్చి, 2015-16కి పదో తరగతి దాకా చేరింది. దాని మంచిచెడ్డల జోలికి ఇప్పుడు పోను. ఫలితం మా ఇంట్లోనే ఉంది. మా అన్నయ్య మనవరాలు వాళ్ళ నానమ్మతో గడగడా తెలుగు మాట్లాడుతుంది, పోట్లాడుతుంది కూడా. బస్సు మీద తెలుగులో ఊరి పేరు రాసి ఉంటే మాత్రం చదవలేదు. ఆ పిల్లకి మీ కథల పుస్తకం ఇస్తే అట్ట మీద బొమ్మ చూసి టీవీ పక్కన పెట్టేస్తుంది. మీ గొంతు ఇస్తే వింటుంది. ఇంట్లో పెద్దవాళ్ళని చూసినా అంతే. చిన్నప్పుడు తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇప్పుడు శుక్లాలు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. తెలుగు అర్థమై కూడా తెలుగు చదవలేనివాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పది మంది దొరుకుతారు. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది మీ తెలుగే. విజయవాడ తెలుగులో చదివితే వాళ్ళకి అది రేడియో అవుతుంది. మీ తెలుగులో చదివితే పక్కింటి అక్క చెప్పినట్టు ఉంటుంది.

యాస వేరు, మాట తెలియకపోవడం వేరు. "ఏమీ లేదు" అనాల్సిన చోట "ఒకటీ లేదు" అనే పాత్ర ఉంటే అలాగే అనిపించండి. "వస్తా ఉండా" అంటే అలాగే ఉంచండి. చిత్తూరు పల్లె మాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, పులికాట్ చుట్టుపక్కల మాటతో స.వెం.రమేశ్ రాసినవి పైకి చదివి చూడండి. కంటితో చదివేటప్పుడు అడ్డుపడే మాటలు నోటితో చదివితే వాటంతటవే దారిలో పడతాయి. సరిచేసుకోవలసింది మాత్రం ఒకటుంది. వాక్యం చివర మింగెయ్యడం. మనకి క్రియ చివర వస్తుంది. చేశాడా, చేయలేదా, చేసి ఉంటాడా అన్నది ఆఖరి రెండు అక్షరాల్లోనే తేలుతుంది. మాట్లాడేటప్పుడు ముఖం చూసి పోల్చుకుంటాం. ఆడియోలో ముఖం ఉండదు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతే కథ మొత్తం అక్కడ జారిపోతుంది. దీర్ఘాలు కూడా అంతే. మాటల వేగంలో "వాడ" కాస్తా "వడ" అయిపోతే వినేవాళ్ళు హోటల్లోకి వెళ్ళిపోతారు.

దీనికి పూర్తిగా అటు చివర ఇంకో జబ్బు ఉంది, అది మరీ ఎక్కువ. ఆవడి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చేవారు. టీ తాగుతూ మాట్లాడితే ఎంత బాగా చెప్పేవారో! రికార్డింగ్ లైటు వెలగగానే ఢిల్లీ నుంచి వార్తలు చదివే మనిషైపోయేవారు. ప్రతి "భ" కీ పొట్టలోంచి గాలి తెచ్చి మైకు మీద ఊదేవారు. "భయం" అన్న ప్రతిసారీ మీటరు ఎగిరి గోడకి కొట్టుకునేది. మూడు రోజులు అలాగే సాగింది. నాలుగో రోజు "సార్, మెషిన్ పాడైంది, ఇవాళ్టికి లేదు" అని లైటు ఆపేసి, "ఇంతకీ మీ కథలో ఆ ముసలావిడ ఎందుకు అలా చేసింది?" అని అడిగాను. కాగితం చేతిలోనే ఉంది కాబట్టి చూసుకుంటూ చెప్పుకొచ్చారు. చెప్పడం ఎప్పుడు చదవడం అయిందో ఆయనకే తెలియలేదు. మెషిన్ మాత్రం నడుస్తూనే ఉంది. తర్వాత వినిపించి, ఒప్పుకుంటేనే ఉంచుతానన్నాను. రెండు రోజులు కోపంగా ఉన్నారు, తర్వాత అదే ఉంచమన్నారు. మీరు ఇంట్లో ఒక్కరే రికార్డు చేసుకుంటారు కాబట్టి నాలా మోసం చేసేవాళ్ళు ఉండరు. మైకు వెనక ఒక కుర్చీ వేసి, అందులో మీకు బాగా తెలిసిన ఒక మనిషిని ఊహించుకోండి. మా అత్తయ్యకి చెబుతున్నా అనుకోండి చాలు. "శ్రోతలందరికీ నమస్కారం" అనగానే గొంతు బిగుసుకుపోతుంది.

ఎవరితోనైనా చదివించాలా అన్నదానికి నా అభిప్రాయం ఇదీ. కవితలు మీరే చదవండి, మరో మాట లేదు. చిన్న కథలు కూడా మీరే. నవల అయితే ఆలోచించాలి. మూడొందల పేజీల నవల చదివితే పదకొండు గంటలు వస్తుంది. ఒక్కో గంటకీ రికార్డింగు, ఎడిటింగు కలిపి నాలుగైదు గంటల పని. అంత ఓపిక ఉన్న రచయిత ఇంకో నవల రాసుకోవడం మేలు. డబ్బింగ్ ఆర్టిస్టులు గొప్పవాళ్ళు, వాళ్ళతోనే నా జీవితం గడిచింది. కానీ వాళ్ళకి అలవాటైన పని తెర మీద పెదవి కదిలినంతసేపట్లో ఉద్వేగం నింపడం. కథ ఇస్తే ప్రతి వాక్యానికీ ఏడుపో నవ్వో పెడతారు. ఎక్కడ ఏమీ పెట్టకూడదో రాసిన మనిషికే తెలుస్తుంది.

ఈ ఊరికి ఈ విషయంలో చరిత్ర ఉంది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా జిల్లాల వాళ్ళు కూడా తెలుగు కోసం మద్రాసు స్టేషనే తిప్పేవారు. అంటే మన రచయితలు మైకు ముందు కూర్చోవడం నేర్చుకున్నది ఇక్కడే. అయినా ఎంతమంది గొంతులు మిగిలాయి? శ్రీశ్రీ గొంతులో ‘మహాప్రస్థానం’ మనకి దక్కిందంటే 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండన్ నుంచి ఆయన దస్తూరీతో పుస్తకం వేసి, జతగా క్యాసెట్ కూడా తెచ్చారు కాబట్టి. శ్రీశ్రీ పోయింది 1983 జూన్‌లో, ఈ ఊళ్ళోనే. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే ఆ క్యాసెట్ లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి గొంతుని 1963లోనే క్యాన్సర్ తీసుకుపోయింది. 1980లో పోయేదాకా పదిహేడేళ్ళు ఆయన చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి చూపించారు. శ్రీశ్రీ చదివింది వింటే మీకు ఇంకోటి కూడా అర్థమవుతుంది. నటుడి గొంతులా ఉండదు అది. అయినా ఆ కవితలని ఎవరు ఎంత గంభీరంగా చదివినా నా చెవి మళ్ళీ అక్కడికే పోతుంది.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. మైకు కంటే ముందు కథ. అచ్చులో బాగున్న కథ చెవికి బాగుంటుందని లేదు. వినేవాళ్ళు పేజీ వెనక్కి తిప్పలేరు. గిన్నెలు తోముతూ వింటారు, ఎలక్ట్రిక్ ట్రెయిన్‌లో నిలబడి వింటారు. ఒక మాట పోతే పోయినట్టే.

మన భాషలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. "సుశీల గేటు దగ్గర ఆవుని చూసి లోపలికి పరిగెత్తింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది." ఎవరొచ్చారు? సుశీలా, ఆవా? తెలుగులో ఆమెకీ ఆవుకీ క్రియ ఒకటే, పైగా కర్తని వదిలేసే అలవాటు మనది. అచ్చులో కన్ను పై లైనుకి వెళ్ళి ఒక్క క్షణంలో తేల్చుకుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. పేర్లు మళ్ళీ మళ్ళీ చెప్పండి. పేజీ మీద విసుగనిపించేంత చెప్పినా చెవికి సరిపోతుంది. పేర్లు కూడా సరోజ, సరళ, సుశీల అని ఒకే ఇంట్లో పెట్టుకుంటే ఆడియోలో ఒకరినొకరు మింగేస్తారు.

సంభాషణ ఇంకో గొయ్యి. ఇప్పటి కథల్లో "అంది", "అన్నాడు" తీసేసి ఒట్టి మాటలు రాస్తున్నారు. చూడ్డానికి నీటుగానే ఉంటుంది. కొటేషన్ గుర్తు వినిపించదు కదా! నలుగురు అప్పచెల్లెళ్ళు వంటింట్లో మాట్లాడుకునే కథ ఒకావిడ తెచ్చారు. ఎంత మంచి కథో. గాజుకి ఇవతల కూర్చున్న నాకు ఏడో మాట దగ్గర్నుంచి ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు. గొంతు మార్చి చదువుతానన్నారు. మిమిక్రీ వద్దన్నాను. మాటకి ముందు ఒక పని పెట్టించాను: పెద్దావిడ పోపు వేస్తూ, రెండోది కొబ్బరి తురుముతూ, మూడోది గడప మీద కూర్చుని, ఆఖరిది ఫోన్ చూస్తూ. ఆ నాలుగు పనులే నాలుగు గొంతులయ్యాయి.

మూడు చుక్కలు పెట్టి మనం సీను మారుస్తాం, ఇటాలిక్స్ పెట్టి గతంలోకి వెళతాం, బ్రాకెట్లో గుసగుస చెబుతాం. ఇవేవీ చెవికి లేవు. సీను మారిన చోట రెండు సెకన్లు ఊరుకుని, తర్వాతి వాక్యంలోనే ఎక్కడున్నామో ఎప్పుడో తెలిసేలా ఒక్క మాట చేర్చండి. "వచ్చి, కూర్చుని, చెమట తుడుచుకుని, మంచినీళ్ళు అడిగి, తాగి..." అని సాగే వాక్యాలు రెండుగా తెగ్గొట్టండి. అచ్చయిన కథని ముట్టుకోనక్కర్లేదు. చదవడానికి ఇంకో కాపీ పెట్టుకోండి. పెద్ద అక్షరాలు, లైన్ల మధ్య జాగా, పేజీ చివర వాక్యం విరగకుండా. ఊపిరి పీల్చుకునే చోట పెన్సిల్‌తో చిన్న గీత. కాగితం గరగరలాడుతుంది కాబట్టి పేజీ తిప్పేటప్పుడు నోరు మూసుకోండి, లేదా ట్యాబ్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదవండి.

కథ ఎంతసేపు వస్తుందో ముందే తెలియాలంటే: నా అనుభవంలో నిదానంగా చదివితే నిమిషానికి నూరు మాటలు. రెండు వేల మాటల కథ ఇరవై నిమిషాలు. మొదటిసారి పెట్టేవాళ్ళు పావుగంట లోపు కథ ఎంచుకుంటే మంచిది.

కవితలకి వేరే తెలివి కావాలి. కవిసమ్మేళనంలో ప్రతి పంక్తీ రెండుసార్లు చదువుతారు చూడండి, అది హాల్లో ఫ్యాన్ల చప్పుడులో వెనక వరసకి అందాలని, మధ్యలో చప్పట్లకి వ్యవధి ఉండాలని. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మనిషికి ఆ రెండోసారి ఎందుకు? దానికి బదులు కవిత మొత్తం ఒకసారి చదివి, నాలుగు సెకన్లు ఊరుకుని, మళ్ళీ మొత్తం చదవండి. నిమిషంన్నర కవితకి ఇది బాగా పని చేస్తుంది. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి కవిత కోసం వింటారు. వచన కవితలో పంక్తి విరిగిన ప్రతిచోటా ఆగకండి. కొన్ని విరుపులు కంటి కోసం పెట్టినవి, అవి మీకే తెలుసు. పద్యమైతే పాదం చివర కాకుండా అర్థం ఆగిన చోట ఆగండి. యతిప్రాసలు మీరు చూపించకపోయినా వాటంతటవే వినబడతాయి. నాటకం పద్యంలా రాగం తియ్యాలనిపిస్తే తియ్యండి, కానీ అప్పుడు అందరూ మీ రాగం గురించే మాట్లాడతారు, పద్యం గురించి మాట్లాడరు. శీర్షిక చెప్పగానే కవితలోకి దూకెయ్యకుండా రెండు సెకన్లు ఆగండి. అయిపోయాక వెంటనే "ధన్యవాదాలు" అనకండి. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక గది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. "టంగ్" మని తోక వినబడితే ఆ గది పనికిరాదు. ఫ్లాట్లలో టైల్స్, ఒట్టి గోడలు, అద్దాలు కాబట్టి హాలు ఎప్పుడూ పనికిరాదు. మంచం, పరుపు, దిండ్లు ఉన్న పడగ్గది మేలు. బీరువా తలుపులు రెండూ తీసి చీరల వైపు తిరిగి కూర్చుంటే ఇంకా మేలు. నేను చెబితే జోకనుకుంటారు. లక్షలు పోసి థియేటర్ గోడలకి మేము అంటించేదీ గుడ్డ, దూదే. వెనక గోడకి ఒక బొంత వేలాడదీస్తే సగం స్టూడియో అయినట్టే.

చెన్నైలో అసలు శత్రువు ఫ్యాను. ఫ్యాను వేస్తే మైకులో గుయ్యిమంటుంది, ఆపితే మనిషి ఉడికిపోతాడు. ఏసీ కూడా అంతే. ఏసీఎక్స్ అనే ఆడియోబుక్ వేదిక వాళ్ళ లెక్క ప్రకారం మీరు మాట్లాడనప్పుడు గది చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలి. ఫ్యాను ఒకటో నంబరు మీద ఉన్నా ఆ అంకె రాదు. కాబట్టి ముందు గది చల్లబరచుకుని, ఏసీ ఫ్యాను రెండూ ఆపి, పది పన్నెండు నిమిషాలు చదివి, మళ్ళీ వేసుకుని నీళ్ళు తాగండి. ఈ ఆగడం గొంతుకీ మంచిదే. నూలు బట్టలు వేసుకోండి. పట్టుచీర గరగర, గాజుల చప్పుడు, కాలర్ మైకుకి మెళ్ళో గొలుసు రాసుకోవడం, ఈ మూడూ నేను గంటల తరబడి తుడిచిన చప్పుళ్ళు. ఫ్రిజ్ కూడా ఆపండి. ఆపి, స్కూటర్ తాళం అందులో పెట్టండి. మళ్ళీ వెయ్యడం మర్చిపోయి బయటికి వెళ్ళలేరు.

వేళ తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఆరు దాకా. ఆరు దాటితే కాకులు, పాలవాళ్ళు, మెట్రో వాటర్ లారీ, పైవాళ్ళ మోటారు. మీది పెరంబూర్ కాబట్టి రైలు కూత ఎలాగూ ఉంటుంది, అది దూరంగా వస్తే నేను తీసెయ్యను, ఊరు తెలుస్తుంది. తమిళుల ఆడి మాసం (జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా) నెల రోజులూ మాత్రం రికార్డింగ్ పెట్టుకోకండి. అమ్మవారి గుడి మైకుతో మీ మైకు గెలవలేదు. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, తెల్లవారుజాము కూడా మనది కాదు, గుళ్ళ పాటలది.

మైకు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇందులో పెద్ద విషయం లేదు. మీ ఫోన్, దానికి వెయ్యి రూపాయల లోపు వచ్చే వైరు కాలర్ మైకు చాలు. ఆర్నెల్లు చదివాక ఇంకా చదవాలనిపిస్తే అప్పుడు దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టుకునే డైనమిక్ మైకు కొనండి. కండెన్సర్ మైకు గొంతుని అందంగా పడుతుంది నిజమే, పక్కింటి మిక్సీని కూడా అంతే అందంగా పడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో రికార్డు చెయ్యొద్దు, గొంతు సన్నబడిపోతుంది. చేతిలో పట్టే మైకయినా ఫోనయినా నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి. ప, బ, ఫ, భ దగ్గర వచ్చే గాలి పక్కనుంచి పోతుంది. రికార్డింగ్ యాప్‌లో చప్పుడు ఎంతుందో చూపించే మీటరులో సున్నా అంటే గోడ. మామూలు మాట మైనస్ 12 దగ్గర ఆడాలి, గట్టి మాట మైనస్ 6 దాటకూడదు. తక్కువైన చప్పుడు పెంచుకోవచ్చు, పగిలిన చప్పుడుని ఎవరూ అతకలేరు.

తప్పు చదివితే ఆపి మళ్ళీ మొదటికి వెళ్ళకండి. వేలితో ఒక చిటిక వేసి, ఆ వాక్యం మొదటి నుంచి చదవండి. ఎడిటింగ్‌లో చిటిక చోట గీత పొడుగ్గా లేచి కనబడుతుంది, వెతుక్కోనక్కర్లేదు. మొదలుపెట్టే ముందు ముప్ఫై సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఒట్టి గదిని రికార్డు చేసి ఉంచండి. కోసిన చోట్ల ఆ నిశ్శబ్దమే అతుకు వేస్తారు. ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నాయిస్ రిడక్షన్ అనే మీట ఉంది, దాన్ని కొంచెమే వాడండి. ఎక్కువ తిప్పితే నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది. ఊపిరి చప్పుళ్ళన్నీ కత్తిరించేవాళ్ళు ఉన్నారు. మనిషి ఊపిరి తియ్యకుండా పావుగంట మాట్లాడితే వినేవాళ్ళకి ఊపిరాడదు.

సంగీతం వద్దు. సినిమా బిట్లు అసలే వద్దు, యూట్యూబ్ పట్టుకుంటుంది, పట్టుకోకపోయినా అది వేరొకరి సొత్తు. మీ వీధిలో వీణ నేర్చుకునే పిల్ల ఎవరో ఉండే ఉంటుంది. సీను మారే చోటికి ఒక్క మీటు వాయించమనండి, వాడుకోవచ్చని వాళ్ళమ్మగారి చేత ఒక కాగితం మీద రాయించుకోండి. అంతకు మించి కథ కింద మోగించేదంతా కథ మీద నమ్మకం లేక మోగించేదే.

హక్కుల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. పత్రికలో వచ్చినంత మాత్రాన కథ పత్రికది అయిపోదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళు, ఎక్కడో రాయకపోతే ఇండియా అని అర్థం. పుస్తకం వేసినవాళ్ళతో ఒప్పందం ఉంటే తీసి ఆడియో గురించి ఏముందో చూడండి. ఏదైనా యాప్ వాళ్ళు డబ్బిస్తామంటే "శాశ్వతంగా", "మాకు మాత్రమే" అనే మాటలు ఎక్కడున్నాయో వెతికి, వాటి పక్కన గడువు రాయమనండి. వేరే వాళ్ళ కథ చదవాలనిపిస్తే రచయిత పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు లెక్క. గురజాడని హాయిగా చదువుకోవచ్చు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరి దాకా వారసుల అనుమతి కావాలి. "ప్రచారమే కదా, ఏమనుకుంటారు" అని పెట్టేసినవాళ్ళు తర్వాత ఇబ్బంది పడడం చూశాను.

దాచుకోవడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఇది నా తప్పు కాబట్టి. 2015లో ఒక పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, తన కవితలు చదువుతానని వచ్చారు. వయసు ఎనభై దాటింది. రోజూ బస్సులో వచ్చి రెండు మూడు చదివి వెళ్ళేవారు. పద్నాలుగు కవితలు అయ్యాయి. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉంచాను. పూర్తయ్యాక కాపీ తీద్దామనుకున్నాను. మా థియేటర్ జాఫర్‌ఖాన్‌పేటలో అడయారు నదికి దగ్గర, కింది అంతస్తు. డిసెంబర్ మొదటి వారం వరదకి కన్సోల్ మునిగింది, డిస్కూ మునిగింది. డేటా తీసేవాళ్ళ దగ్గరికి రెండు చోట్లకి పట్టుకెళ్ళాను, రాలేదు. మళ్ళీ చదువుదాం మాస్టారూ అంటే "నీళ్ళు తగ్గాక చూద్దాంలే" అన్నారు. సంక్రాంతి దాటలేదు ఆయన. మిగిలింది ఒకే ఒక్క కవిత, వాళ్ళమ్మాయికి వాట్సాప్‌లో పంపినది. వాట్సాప్‌లో మిగిలిన ఆ నిమిషంన్నర ఆడియోనే వాళ్ళింట్లో ఏటా తద్దినం నాడు వింటారు.

అందుకని మూడు కాపీలు. ఒకటి మీ కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో ఉండే మనిషి దగ్గరో క్లౌడ్‌లోనో. అసలు ప్రతిని నొక్కి చిన్నది చెయ్యని వేవ్ (WAV) ఫైలుగా ఉంచండి. మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, అరగంటకి 160 ఎంబీ లోపే. పంచుకోవడానికి ఎంపీత్రీ మోనో 64 కేబీపీఎస్ చాలు, అదే అరగంట పద్నాలుగు ఎంబీ వస్తుంది, తక్కువ డేటా ఉన్న ఫోన్లలో కూడా నడుస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. ఏ యాప్‌నీ గోదాము అనుకోకండి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ అంత పెద్దవాళ్ళదే 2024లో మూతపడింది.

ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద ప్రశ్నగా అనిపించదు. యూట్యూబ్‌లో ఒక బొమ్మ పెట్టి పెట్టండి, స్పాటిఫైలో ఉచితంగా పెట్టుకోవచ్చు. హర్షణీయం పాడ్‌కాస్ట్, తెలుగు ఆడియోబుక్ యాప్ దాసుభాషితం లాంటివి కొన్నాళ్ళు వినండి, ఎవరు ఎలా చదువుతున్నారో తెలుస్తుంది. మొదటి కథ మాత్రం ఎక్కడా పెట్టకముందు ముగ్గురికి పంపండి: తెలుగు చదవలేని ఒక పిల్లకి, కళ్ళు సరిగ్గా కనబడని ఒక పెద్దావిడకి, మీరు ఏ ఆంధ్రా వాళ్ళు నవ్వుతారని భయపడుతున్నారో వాళ్ళలో ఒకరికి. బాగుందా అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. కథ చెప్పమనండి. ఎక్కడ తడబడతారో అక్కడ మీ వాక్యం సరిగ్గా లేదు. యాస గురించి ఎవరైనా మాట్లాడతారేమో కూడా అప్పుడే తెలుస్తుంది. నా దగ్గర చదివిన మద్రాసు వాళ్ళలో ఇద్దరికి ఆ మాట వచ్చింది. ఇద్దరి విషయంలోనూ ఆ మాట అన్నది ఆంధ్రా వాళ్ళు కాదు, టీ నగర్‌లో ఉండే వాళ్ళ సొంత చుట్టాలే.

కాలర్ మైకు కోసం రిచీ స్ట్రీట్‌కి వెళ్ళేటట్టయితే ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. మీ ఫోన్ కూడా పట్టుకెళ్ళండి. పిన్ను సరిపోతుందో లేదో అక్కడే పెట్టి, రోడ్డు చప్పుడులోనే మీ కథలో నాలుగు వాక్యాలు చదివి విని చూసి కొనండి. షాపు కుర్రాడు వింతగా చూస్తే చూడనివ్వండి.